కండక్టరమ్మ జావ తాగిన రోజులు

జూన్ 4

అక్కకు, బావకు వందనాలు.

క్షేమంగా చేరాను. దారి పొడుగునా పక్క సీటావిడ నా భుజాన్ని దిండు చేసుకుని గురక పెట్టింది. దిగేటప్పుడు నా మొహం వైపు కూడా చూడలేదు. నా సేవ బస్సులోనే మొదలైపోయిందని నవ్వుకున్నాను. ఫోను చేద్దామంటే నీ చెవుల సంగతి తెలిసిందే, ఇక్కడేమో వార్డులోకి ఫోను తీసుకెళ్లనివ్వరు. అందుకని ఉత్తరమే. నా దస్తూరీ చూసి తిట్టుకోకు.

ఇది నేననుకున్నట్టు లేదక్కా. పూలతోట, తెల్లబట్టల్లో మెల్లగా నడిచే మనుషులు, ఎక్కడి నుంచో పాట, ఇలా ఏదేదో ఊహించుకున్నాను. తీరా చూస్తే ఊరి చివర పాత గోడౌనులాంటి కట్టడం. లోపల పొడుగాటి హాలు, రెండు వైపులా మంచాలు. ఇక నయం కాదని ఆసుపత్రులు పంపేసిన ఆడవాళ్లు, ఇంట్లో చూసే దిక్కులేనివాళ్లు ఇక్కడ ఉంటారు. ఉన్నన్నాళ్లు శుభ్రంగా, నొప్పి తక్కువగా ఉంచడమే ఇక్కడి పని. హాలు వెనక బట్టలు ఉడకబెట్టే షెడ్డు, దాని పక్కన ఒక బల్ల. ఆ బల్ల మీదే కూర్చుని ఇది రాస్తున్నాను. ఆవిరికి కాగితం మెత్తబడిపోతోంది.

ఒళ్లు తుడవడం, దుప్పట్లు మార్చడం, సొంతంగా తినలేనివాళ్లకు తినిపించడం నా పని. హాలంతా పెద్ద నర్సమ్మ చేతి కింద నడుస్తుంది. మాటల్లో మహా పొదుపు మనిషి. నన్ను ఎగాదిగా చూసి, "గోళ్లు కత్తిరించుకో" అంది. స్వాగతం అంతే. కళ్లజోళ్ల షాపులో ఉద్యోగం మానేసి, సంఘమంతా లేచి నిలబడి ప్రార్థన చేసి సాగనంపితే వచ్చినదాన్ని, నాకు గోళ్లతో స్వాగతం!

మీ స్త్రీల సమాజం పంపిన దిండు గలేబులు నాకంటే ముందే చేరాయి. మూలన ఎర్రదారంతో "ప్రేమతో, స్త్రీల సమాజం" అని లావుపాటి అక్షరాలు. నీ కుట్టేనని దూరం నుంచే గుర్తుపట్టాను. ప్రాణం లేచొచ్చింది.

కిటికీ పక్క మంచంలో ఒక పెద్దావిడ ఉంది. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయిందట. అందరూ కండక్టరమ్మ అనే పిలుస్తారు. గొంతులో గడ్డ. మనిషి ఎండు పుల్లలా ఉంది, నోరు మాత్రం సర్వీసులోనే ఉంది. ఎవరు చెంచా దగ్గరికి తెచ్చినా మొహం తిప్పేస్తుంది. "దేవుడి పేరు చెప్పి ఒక్క చెంచా తాగండమ్మా" అని బతిమాలాను. నావైపు తిరిగి ఏమందో తెలుసా? "ఏమే పిల్లా, ఈ జావ నాకోసం పెడుతున్నావా, మీ దేవుడి దగ్గర మార్కుల కోసమా? స్వర్గానికి టికెట్టయితే నన్నడగకు, నేను రిటైరయ్యాను." హాలంతా ఒకటే నవ్వు.

నాకు ఏడుపొచ్చింది, నీ దగ్గర దాపరికమేంటి. ఆమె తినేలా ప్రార్థన చెయ్యండి.

నీ పిచ్చుక


జూన్ 12

పిచ్చుకా,

అక్క ఆశీర్వాదాలు. నీ దస్తూరీని తిట్టుకోలేదు, బావే తిట్టుకున్నాడు. "గోళ్లు కత్తిరించుకో" అన్నావిడ ఆయనకు తెగ నచ్చింది. పొద్దస్తమానం చెక్క చిత్రిక పట్టుకునే మనిషికి తక్కువ మాట్లాడేవాళ్లందరూ నచ్చుతారు. పెళ్లి విషయంలో మాత్రం పొరపాటు చేశాడు పాపం.

బుధవారం సమాజం కూడికలో నీ ఉత్తరం పైకి చదివాను. కోప్పడకు. నువ్వెలా ఉన్నావని అందరూ అడుగుతుంటే ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే ఇదే నయం కదా. ఆ టికెట్టు మాట దగ్గర నవ్వారు, నువ్వేడ్చావన్న దగ్గర కళ్లు ఒత్తుకున్నారు. కోశాధికారిగారైతే, ఆవిడ సంగతి నీకు తెలుసుగా, ఎవరినీ ఓ పట్టాన మెచ్చుకోదు, "మీ చెల్లెలు మన సంఘానికే వెలుగు" అంది. నాకు నేల మీద కాళ్లు ఆనలేదనుకో.

ఆ కండక్టరమ్మ తినాలని గొలుసు ప్రార్థన పెట్టాం. ఒకరి తర్వాత ఒకరు, గంట కూడా ఖాళీ లేకుండా. నేను షాపులో కుట్టుమిషను తొక్కుతూనే నా గంట పూర్తి చేశాను. నువ్వు మాత్రం ఉత్తరాలు రాయడం మానకు. కొంచెం వివరంగా రాయి. వచ్చే బుధవారం ఏం చదవాలని అందరూ అప్పుడే అడుగుతున్నారు.

గోళ్లు కత్తిరించుకున్నావా?

అక్క


జూన్ 21

అక్కా, తింది!

ముందు ఈ మాట చెప్పేస్తే గానీ వందనాలు రాయడానికి చేతులాడలేదు. వందనాలు.

ఎలాగో చెబుతాను. గిన్నె పట్టుకుని, ఇవాళ ఎన్ని తిట్లు తినాలోనని దిగులుగా వెళ్లాను. ఆమె కిటికీలోంచి రోడ్డు మీది బస్సును చూస్తోంది. "లేటు" అని గొణిగింది. ఏదో ఒకటి మాట్లాడాలని, "మీ బస్సు ఏ దారిన వెళ్లేదమ్మా?" అన్నాను. అంతే, ఆ మొహం చూడాలి నువ్వు! డిపో నుంచి పోస్టాఫీసు, గడియార స్తంభం, ఆడపిల్లల స్కూలు, పెద్దాసుపత్రి, రైల్వే గేటు, ఆఖరికి మిల్లు. గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నాకేం బుద్ధి పుట్టిందో, చెంచా నింపి, "పోస్టాఫీసు, పోస్టాఫీసు! దిగేవాళ్లు ముందుకు రండి!" అని అరిచాను.

"అలా కాదే మొద్దూ, ఆ గొంతు కడుపులోంచి రావాలి" అని నోరు తెరిచింది. చెంచా లోపలికి వెళ్లిపోయింది!

ఆమె ఆశ్చర్యపోయింది, నేనింకా ఆశ్చర్యపోయాను. తర్వాత గడియార స్తంభం. నేను తొందరలో స్కూలు వదిలేసి పెద్దాసుపత్రి అంటే నా చెయ్యి పట్టుకుంది. "పిల్లల్ని నడిరోడ్డు మీద వదిలేస్తావా?" అని స్కూలు దగ్గర కూడా ఆగి ఒక చెంచా తాగింది. రైల్వే గేటు దగ్గర మాత్రం "గేటు పడింది" అని నోరు మూసేసింది. ఇక చాలని అర్థం. పక్క మంచం పిన్నిగారు చప్పట్లు కొట్టింది. ఎవరి చేతా తినని మనిషి నా చేత తిన్నదని ఆయాలంతా చెప్పుకుంటున్నారు. నా చేతిలో ఏదో ఉందంటున్నారు. అక్కా, నా చేతులు చూసుకుంటే నాకే భయం, భక్తి కలిగాయి. మీ ప్రార్థనలు నా వేళ్ల దాకా వచ్చాయి కదా అనిపించింది.

పెద్ద నర్సమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆమె ఒక్కతే నవ్వలేదు.

ఒక చిన్న సంగతి. మీ గలేబు మీది ఎర్ర అక్షరాలు ఆమె చెంపకు ఒత్తుకుని చర్మం కందింది. "ఈ ప్రేమ గుచ్చుకుంటోందే" అంది. పిన్నీసుతో ఆ దారం ఊడదీశాను, ఆమె ఒక్కదాని గలేబుకే. ఏమీ అనుకోకు.

నీ పిచ్చుక


జూన్ 30

బంగారుతల్లీ,

పిచ్చుక అనడానికి కూడా నోరు రావడం లేదు నాకు. బుధవారం నీ ఉత్తరం చదువుతుంటే "పోస్టాఫీసు, పోస్టాఫీసు" దగ్గర గదంతా నాతో కలిసి అరిచింది. రైల్వే గేటు దగ్గర నిశ్శబ్దం. అందరం మోకాళ్ల మీద పడి, ప్రభువా ఆ గేటు తెరువు, ఆమెను మిల్లు దాకా చేర్చు అని ప్రార్థించాం. పక్క సంఘం వాళ్లు కూడా వచ్చి నీ ఉత్తరానికి నకలు రాసుకుని వెళ్లారు.

గలేబు దారం ఊడదీసిన సంగతి మాత్రం చదవకుండా దాటేద్దామనుకున్నాను. కోశాధికారిగారు నా భుజం మీదుగా చూసేసింది. "మన పేరు తీసేశారా?" అంది. నాకూ కొంచెం కష్టంగానే ఉంది. ఆ అక్షరాల కోసం వేళ్లు పొడుచుకున్నాం. కావాలంటే దిండు తిరగేసి పెట్టవచ్చుగా? నువ్వు మా ప్రేమను పిన్నీసుతో పీకేశావని ఎవరో అన్నారు కూడా. సర్దిచెప్పాను.

ఇంకో మాట. ఆగస్టులో సమాజం వార్షికోత్సవానికి నువ్వు రావాలి. నిన్ను వేదిక మీద నిలబెట్టి సన్మానం చెయ్యాలని తీర్మానించారు. ఈలోగా ఆమె మిల్లు చేరితే ఇంకేం కావాలి? చేరిన రోజున వెంటనే రాయి.

బావ చిత్రిక ఆపి ఒక మాటన్నాడు. "మిల్లు దాకా వెళ్లాలో వద్దో ఆ ముసలమ్మను ఎవరైనా అడిగారా?" అని. ఈయన ఎప్పుడూ ఇంతే, ఉత్సాహం మీద నీళ్లు చల్లనిదే తోచదు.

అక్క


జూలై 9

అక్కకు వందనాలు.

గేటు తెరుచుకుంది. మిల్లు కూడా చేరాం!

పూసగుచ్చినట్టు రాస్తాను, చదవడానికి నీకు బాగుంటుంది. పొద్దున్నే కిటికీలోంచి ఎండ పడి గిన్నె మెరుస్తోంది. నేను మనసులో ప్రార్థించుకుని చెంచా ఎత్తాను. గేటు దగ్గర ఆమె కళ్లు మూసుకుంది. నేను ఊపిరి బిగబట్టాను. నెమ్మదిగా పెదవులు విడివడ్డాయి. "పోనీ" అంది. మిల్లు చేరేసరికి గిన్నె అడుగు కనిపించింది. ఆమె కళ్లల్లో నీళ్లు నిలిచాయి. ప్రభువు ఆమె మనసును తాకాడని నాకు అర్థమైంది. అప్పటి నుంచి రోజూ మిల్లు దాకా వెళ్తున్నాం.

దీనికి ముందు రోజు ఒకటి జరిగింది. నువ్వు పంపినవి చదువుకుని నవ్వుకుంటుంటే, "ఏంటే అవి?" అని అడిగింది. చెప్పాను. మా అక్క, సమాజం, గొలుసు ప్రార్థన, ఆమె గేటు దగ్గర ఆగిపోయిందని అందరూ మోకాళ్లూనడం, అన్నీ చెప్పాను. నోరు వెళ్లబెట్టి వింది. "నా బస్సు కోసం అంతమంది ఎదురుచూస్తున్నారా?" అంది. కిటికీలోంచి చూస్తూ, "ఆ బల్ల మీద కూర్చుని రాసేది ఇదేనా?" అంది. మర్నాడే గిన్నె ఖాళీ. చూశావా ఎలా పని చేశాడో దేవుడు!

పెద్ద నర్సమ్మే నాకు అంతుపట్టడం లేదు. నన్ను పక్కకు పిలిచి, "తిననంటే వదిలెయ్. ఊరికే పెదవులు తడిపితే చాలు" అంది. ఎందుకంటే చెప్పదు. ఇంతకాలం ఎవరి చేతా కానిది నిన్నగాక మొన్న వచ్చినదాని చేత అయితే ఎవరికైనా కాస్త కడుపుమంట ఉంటుంది కదా. నేను వినలేదు. అక్కడ మీరందరూ ఎదురుచూస్తుంటే ఎలా ఆపను?

గలేబు సంగతి. పీకేసింది ప్రేమను కాదు, దారాన్ని. చెంప పుండు పడ్డాక తిరగేసినా ఒకటే. ఆ మాట అన్నావిడను ఒకసారి ఆ దిండు మీద పడుకోమను.

ఆగస్టులో తప్పకుండా వస్తాను. ఏ చీర కట్టుకోమంటావు?

నీ పిచ్చుక


జూలై 18

పిచ్చుకా,

మిల్లు చేరిన ఉత్తరం చదివినప్పుడు ఒక్కరి కన్ను పొడిగా లేదు. పాస్టరుగారు ఆదివారం ప్రసంగంలో కూడా చెప్పారు. పేరు చెప్పకుండా "మన మధ్య నుంచి వెళ్లిన ఒక చెల్లెలు" అన్నారు. అందరూ వెనక్కి తిరిగి నన్నే చూశారు.

గలేబు గురించి అంత ఘాటుగా రాయాలా? ఆ పేరా దగ్గర చదవకుండా దాటేయడానికి దగ్గు తెచ్చుకోవలసి వచ్చింది. పోనీలే, అలిసిపోయి ఉంటావు.

పెద్ద నర్సమ్మ విషయం మాత్రం నేను ఊరుకోలేదు. తినే మనిషిని తినొద్దనడమేంటి? ఇంతమంది ప్రార్థనకు అడ్డుపడటమేంటి? మీ మేనేజరుగారికి సమాజం తరఫున నేనే ఒక ఫిర్యాదు రాసి పోస్టులో వేశాను. అసూయతో దేవుని పనిని ఆటంకపరుస్తోందని గట్టిగానే రాశాను. నువ్వు చిన్నదానివి, నోరు తెరిచి చెప్పలేవు. అక్కనున్నది దేనికి?

నీలం చీర కట్టుకో. రవికె నేను కుడుతున్నాను, పాత కొలతే ఉంచాను.

అక్క


జూలై 27

అక్కా,

ఇది ఎవరికీ చదవకు. నీ షాపు తలుపు దగ్గరగా వేసుకుని నువ్వొక్కదానివే చదువు.

నీ ఫిర్యాదు చేరింది. మేనేజరుగారు పెద్ద నర్సమ్మను ఆఫీసు గదిలోకి పిలిచారు. తలుపు తెరిచే ఉంది, నేను బయట బకెట్లు పట్టుకుని ఉన్నాను. ఆయన మొత్తం చదివి, "ఏమంటావమ్మా?" అన్నారు. "వాళ్లకు తెలిసింది వాళ్లు రాశారు సార్" అని ఆమె బయటికి వచ్చేసింది. నా పక్కనుంచే నడిచి వెళ్లింది. ఆ చూపులో కోపమైనా ఉంటే బాగుండేది. నేను ఏమీ ఎరగనట్టు బకెట్లు ఎత్తుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఎప్పట్లాగే మిల్లు దాకా తినిపించాను. గిన్నె కడగడానికి వెళ్తూ భుజం మీది తువ్వాలు మంచం దగ్గరే మర్చిపోయానని వెనక్కి వచ్చాను. మంచం చుట్టూ తెర లాగి ఉంది. సందులోంచి చూశాను.

పెద్ద నర్సమ్మ మంచమెక్కి, కండక్టరమ్మను వెనక నుంచి రెండు చేతులతో పట్టుకుని ఉంది. పక్క మంచం పిన్నిగారు లేవలేని మనిషి, ఎలా లేచిందో లేచి, తొట్టి పట్టుకుంది. కండక్టరమ్మ ఒళ్లంతా వణికిపోతోంది. తిన్నదంతా బయటికి వస్తోంది, దానితో పాటు రక్తం చారలు. ఆగినప్పుడల్లా గలేబు కొస పళ్ల మధ్య బిగించి పట్టుకుంటోంది, మూలుగు బయటికి వినపడకుండా. కాస్త ఊపిరి తిరిగాక ఆమె అన్న మొదటి మాట, "పిల్ల వెళ్లిందా?"

"వెళ్లింది" అంది పిన్నిగారు.

"వినలేదుగా?"

నేను అక్కడే ఉన్నానక్కా. తెరకు ఇవతల.

షెడ్డులో పెద్ద నర్సమ్మ దుప్పట్లు మడుస్తుంటే వెళ్లి నిలబడ్డాను. నన్ను చూసి దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. ఇద్దరం మడుస్తూ ఉండగా చెప్పింది. "మొదటి నుంచీ ఇంతే. ఒక్కో చెంచా నిప్పు మింగినట్టు ఉంటుంది ఆ గొంతుకు. ఆపమని నీకు చెప్పాను. ఇంతకు మించి చెప్పనని నాచేత ఒట్టేయించుకుంది."

"మీరు ఆపించవచ్చు కదా?" అన్నాను. నా తప్పు ఆమె మీదికి నెట్టబోయాను, చూడు.

"ఆమె గొంతు, ఆమె ఇష్టం. ఆమెకు ఇష్టమని మిగిలింది అదొక్కటే. అది కూడా లాక్కోమంటావా?" అని ఇంకో దుప్పటి తీసింది.

కండక్టరమ్మ దగ్గరికి వెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఎందుకు తిన్నారని అడిగాను. "ఎవరు చెప్పారు? నర్సమ్మేనా? దాని పని చెబుతాను" అంది. నేనే చూశానన్నాను. కిటికీ వైపు తిరిగింది. మాట చాలా సన్నగా వచ్చింది, చెవి దగ్గరపెట్టి విన్నాను.

"ఇక్కడికొచ్చాక అందరూ నాకు పెట్టేవాళ్లే. తుడిచేవాళ్లు తుడుస్తారు, కప్పేవాళ్లు కప్పుతారు. నేనెవరికేం ఇవ్వను? గిన్నె ఖాళీ అయినప్పుడు నీ మొహం నువ్వెప్పుడూ చూసుకోలేదు. పరిగెత్తుకెళ్లి ఆ బల్ల మీద కూర్చుంటావు, కిటికీలోంచి కనపడతావు. రాస్తూ నీలో నువ్వే నవ్వుకుంటావు. అక్కడెక్కడో మీ అక్క చదువుతుంది, ఎవరెవరో సంతోషపడతారు. అంతమందికి ఇవ్వడానికి నాకు చేతనయింది మింగడం ఒక్కటే. మింగాను."

"మీరు మొదటిరోజే అడిగారు కదా, మీకోసమా, మార్కుల కోసమా అని."

"అడిగాను. జవాబు అప్పుడే తెలిసింది."

"మరి నా మీద కోపం రాలేదా?"

"కోపమెందుకే? మంచిదానివే. కొంచెం చప్పుడెక్కువ."

అక్కా, నేను అప్పుడు ఏడవలేదు. ఏడుపు కూడా చిన్నదైపోయింది. చర్చి ఎక్కని మనిషి, ప్రార్థన అంటే మొహం తిప్పుకునే మనిషి. స్వర్గం వద్దంది, మార్కులు వద్దంది. నన్ను సంతోషపెట్టడానికే మింగుతోందని నాకు తెలియకూడదని గుడ్డ కొరికి పట్టుకుంది. నేనేమో ఆమె కళ్లల్లో నీళ్లు చూసి, ప్రభువు తాకాడని నీకు రాశాను. నొప్పి అక్కా అది. నేను పెట్టిన నొప్పి.

సిలువకు ముందు రాత్రి ఆ తోటలో, ప్రభువు తన ముందుకొచ్చిన బాధల గిన్నెను తాగాడని చిన్నప్పటి నుంచి వింటున్నాం. వినీ వినీ మనకు అలవాటైపోయింది. ఆ గిన్నె ఎలా ఉంటుందో నేను చూశాను. స్టీలుది. దాన్ని పట్టుకున్న చెయ్యి నాది. ఇంతకాలం ఆయన పక్షాన నిలబడి తినిపిస్తున్నాననుకున్నాను. ఆయన మంచం మీద ఉన్నాడు. నాకు ఆ హాల్లో చెప్పులతో నడవాలంటే భయమేస్తోంది.

రేపటి నుంచి చెంచా లేదు. తడిగుడ్డతో పెదవులు తడుపుతాను. ఆమె ఇంకెన్నాళ్లో ఉండదని నర్సమ్మ చెప్పింది. ఆమె వెళ్లిపోయేలోపు ఒక్కసారైనా, ఒక్క పనైనా, వట్టి ఆమె కోసమే చెయ్యాలని ఉంది. నాకు చేతనవుతుందో లేదో తెలియదు. చెయ్యి చాపితే చాలు, దాన్ని ఉత్తరంలో ఎలా రాయాలో నా బుర్ర అప్పుడే మొదలుపెడుతోంది. అదే నా భయం. సన్మానం ఆపించు. రవికె కుట్టడం ఆపెయ్.

నీ చెల్లి


ఆగస్టు 5

చెల్లీ,

దాచడమెందుకు, ముందు నాకు కోపమొచ్చింది. నన్ను వేలెత్తి చూపుతున్నావనిపించింది. ఇంత ప్రేమగా చదివితే ఇదా ఫలితమని ఆ రోజంతా మిషను మీద చూపించాను, రెండు సూదులు విరిగాయి. బావ ఏమైందని అడగలేదు. పనాపి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఉత్తరం ఆయన చేతికిచ్చాను. చదివి, కళ్లజోడు తీసి, చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆయన తక్కువ మాట్లాడటం నాకు మొదటిసారి నచ్చింది.

మళ్లీ చదివాను. ఆ తొట్టి పట్టుకున్న పిన్నిగారి దగ్గర ఆగిపోయాను. లేవలేని మనిషి లేచిందన్నావే. మేము గొలుసు కట్టి ప్రార్థించినన్నాళ్లూ ఆ తెర వెనక ఆ ముగ్గురు అలా ఉన్నారా?

బుధవారం అందరూ వచ్చి కూర్చున్నారు. "చదువమ్మా" అన్నారు. ఈసారి చదవనన్నాను. "ఏం, తినడం మానేసిందా?" అని కోశాధికారిగారు అడిగింది. "మనం ప్రార్థించింది ఆమె కోసం కాదు, మన కోసం. ఆమె మాత్రం మన కోసమే తిన్నది, ప్రాణం పోతున్నా. ఇంతకన్నా చెప్పలేను" అన్నాను. కొత్త గలేబుల కట్ట మధ్యలో ఉంది, ఎర్ర అక్షరాలతో. ఎవరూ చెప్పకుండానే మన వెనక వీధి టీచరుగారు కత్తెర తీసుకుని ఒక దారం తెంపింది. తర్వాత ఇంకొకరు. "పేరు లేకపోతే ఎవరు పంపారో వాళ్లకెలా తెలుస్తుంది?" అని కోశాధికారిగారు అడిగింది. కత్తెర ఇంకో చేతికి మారింది. ఆవిడ లేచి వెళ్లిపోయింది, ఇంకా నాతో మాట్లాడటం లేదు. దారాలు పీకుతుంటే గది ఎంత నిశ్శబ్దంగా ఉందో! నా చెవులకు కూడా వినిపించింది ఆ నిశ్శబ్దం. సన్మానం లేదు.

పెద్ద నర్సమ్మకు వేరే ఉత్తరం రాశాను, క్షమించమని. మేనేజరుగారికి కూడా రాశాను, నేను రాసిందంతా తప్పని.

ఆమె ఎలా ఉంది? ఆ ఒక్క పని చెయ్యగలిగావా? ఏం జరిగినా నాకొక్కదానికే రాయి. ఎవరికీ చదవను, బావకు కూడా. ఒట్టు.

అక్క


ఆగస్టు 16

అక్కకు, బావకు వందనాలు.

కండక్టరమ్మ మొన్న పొద్దున పోయింది. ఎండ బాగా వచ్చాక, ప్రశాంతంగా. ఒళ్లు తుడిచి సిద్ధం చేసింది పెద్ద నర్సమ్మ, నేను. పక్క మంచం పిన్నిగారు ఆ రోజంతా కిటికీ మూయనివ్వలేదు.

నీ క్షమాపణ ఉత్తరం నర్సమ్మకు అందింది. నిలబడే చదువుకుని మడిచి జేబులో పెట్టుకుంది. "మీ అక్క దస్తూరీ బాగుంది" అంది. ఆమె నోటి నుంచి అది చాలా పెద్ద మాట, నువ్వు పండగ చేసుకోవచ్చు.

ఇక నువ్వు అడిగింది. ఆ ఒక్క పని చెయ్యగలిగావా అని. నీకొక్కదానికే అన్నావు. ఒట్టు పెట్టావు. నిన్ను నమ్ముతున్నాను.

అయినా రాయను అక్కా.

నీ మీద కోపంతో కాదు. చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదనీ కాదు, జరిగింది. ఆఖరి వారంలో, ఒక మధ్యాహ్నం. ఈ బల్ల మీద కూర్చుని నీకు రాయడం మొదలుపెట్టాను కూడా. మొదటి వాక్యం చాలా బాగా వచ్చింది. చదువుకుంటే, నీ కళ్లు ఎక్కడ తడుస్తాయో నాకు తెలిసిపోయింది. లేచి వెళ్లి ఆ కాగితాన్ని బట్టలు ఉడకబెట్టే పొయ్యిలో వేశాను.

అది ఆమెకు తెలుసు, నాకు తెలుసు. పైన ఒకాయన చూశాడు, ఆయన ఎవరికీ చదివి వినిపించడు. ఆయన నా పక్కనే నిలబడి చూస్తున్నాడని నాకు ఇంత గట్టిగా ఎప్పుడూ తెలియలేదు. అంత భయం, అంత సంతోషం ఒకేసారి మనిషికి కలుగుతాయని కూడా తెలియదు.

నువ్వు నొచ్చుకుంటావని తెలుసు. నొచ్చుకో, కానీ అడగకు.

నీ చెల్లి